గురప్ప నడుము, రెండు పట్టీల కమాను

పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో గురప్ప పెళ్ళాం కౌసల్యకున్నంత పేరు ఏ సర్పంచికీ లేదు. మొగుడి లారీలో క్లీనరుగా పోయే ఆడమనిషి ఆమె ఒక్కతే మరి. తెల్లారేసరికి కొంగు నడుముకు దోపుకుని, టమోటా బాక్సుల మీదికి కోతిలా ఎగబాకి, టార్పాలిన్ పరిచి, తాళ్ళు బిగించి, సరసరా దిగొచ్చి మొగుడి పక్కన క్యాబిన్‌లో కూర్చునేది.

"యాలమ్మా నీకీ తిప్పలు? ఒగ క్లీనర్ని పెట్టుకోరాదా?" అని ఎవరైనా అడిగితే మూతి మూడు వంకరలు తిప్పేది.

"క్లీనరు ఈయన్ని కాపలా కాస్తాడా? మదనపల్లెలో ఈయన బండి యాడాడ నిలస్తాదో నాకు తెల్దనుకుంటాండారా?"

అంతకు మించి ఒక్క ముక్క చెప్పేది కాదు. మిగతాదంతా ఊరే అల్లుకుంది. మదనపల్లెలో గురప్పకు ఒకామె ఉందన్నారు. ఎర్రగా ఉంటుందన్నారు. ఇంట్లో కుట్టుమిషన్ ఉందన్నారు. చూసొచ్చినవాళ్ళు కూడా తయారయ్యారు. గురప్పేమో ఎండిన మునక్కాయలాంటి మనిషి. అతని మొహం ఒకసారి చూస్తే, ఆ కుట్టుమిషనామె ఎవరోగానీ పాపం ఏం చూసి మోసపోయిందో అనిపిస్తుంది.

ఆమె ఎవరూ కాదు. అసలు లేనే లేదు. ఉన్నది గురప్ప నడుము నొప్పి.

రెండేళ్ళుగా అతను వంగలేడు, బాక్సుల మీదికి ఎక్కలేడు. లారీ దిగినాక టైరును తన్ని చూస్తున్నట్టు, అద్దం తుడుస్తున్నట్టు కాసేపు నటించి, కాళ్ళలోకి ప్రాణం వచ్చాకే అడుగు తీసేవాడు. ఈ సంగతి దాచడానికే కౌసల్య బండెక్కింది. మొగుడి మీద అనుమానంతో వెంట తిరిగే గయ్యాళి అనిపించుకోవడం ఆమెకు సిగ్గనిపించలేదు. మొగుడి నడుము పడిపోయిందని నలుగురికీ తెలియడమే భయం.

ఎందుకంటే టమోటా ఆగదు. పొద్దున వేలం పాటకు మదనపల్లె మార్కెట్ చేరకపోతే సరుకు మెత్తబడుతుంది, రైతు మొహం అంతకన్నా మెత్తబడుతుంది. సీట్లో కూర్చోలేని డ్రైవరుకు ఏ రైతూ లోడు ఇవ్వడు. ఊళ్ళో ఉమాపతి లారీ కూడా ఉంది. 'గురప్ప పని అయిపోయిందంట' అని ఒక్క మాట పుడితే చాలు, మర్నాటి బాక్సులన్నీ ఉమాపతి బండెక్కుతాయి. గురప్ప వాళ్ళ నాయన బతికినన్నాళ్ళూ ఇంకొకరి గంపలు నెత్తిన మోశాడు. ఆ వీధిలో లారీ కొన్న మొదటివాడు గురప్ప. ఆ సీటు పోతే అతనికి మిగిలేది మళ్ళీ గంపే. దాన్ని మొయ్యడానికి కూడా నడుము కావాలి కదా.

ఆ నడుమును విరిచిందీ ఆ లారీనే. తొంభై ఏడులో కొన్న పాత మినీ లారీ అది. లారీ బరువంతా వెనక ఇరుసు మీద విల్లులా వంగిన ఇనప పట్టీల కట్ట మీద నిలబడుతుంది. దాన్నే కమాను కట్ట అంటారు. ఎక్కువ లోడు మొయ్యాలని గురప్ప కొన్న కొత్తలోనే ఆ కట్టలో మరో రెండు పట్టీలు వేయించాడు. బండి ఏనుగులా నిలబడింది. లోడుంటే ఫరవాలేదు. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు మాత్రం చిన్న గులకరాయి ఎక్కినా ఆ అదురు సీట్లోంచి వెన్నుపూసల్లోకి, అక్కణ్ణించి పళ్ళలోకి ఎక్కేది. పైగా ఆ రోడ్డులో గుంతలు లెక్కపెట్టడం కన్నా మధ్యమధ్య మిగిలిన రోడ్డును లెక్కపెట్టుకోవడం తేలిక.

చెయ్యని వైద్యం లేదు. కౌసల్య పాత పరుపు చించి సీటు మీద పరిచింది. లాభం లేకపోతే ట్రాక్టరు ట్యూబులో సగం గాలి కొట్టించి దాని మీద కూర్చోబెట్టింది. బ్రేకు వేసినప్పుడల్లా గురప్ప తామరాకు మీద కప్పలా ఎగిరేవాడు. ఒకరోజు మార్కెట్ గేటు ముందు ఆ ట్యూబు డామ్మని పేలింది. వాచ్‌మన్ బాంబనుకుని టీ కొట్టులోకి దూరాడు. మదనపల్లెలో కమాన్ల పనివాడొకడు ఎక్కువైన పట్టీలు రెండూ తీసేశాడు. మర్నాడు లోడెక్కగానే బాడీ దబీమని ఇరుసుకు కొట్టుకుంది. సాయంత్రానికి ఆ రెండూ మళ్ళీ కట్టలోకి వచ్చేశాయి.

డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి ఒకే మాటన్నాడు. బండన్నా మార్చు, పనన్నా మార్చు, ఇంకో ఏడాది ఇట్లాగే తోలితే నిన్ను నలుగురు మోసుకురావాలి.

ఆరోజు తిరుగు దారిలో టీ తాగడానికి ఆగినప్పుడు, కుప్పం వైపు నుంచి గ్రానైటు తోలే డ్రైవరొకడు తన బండి బంపరు మీద చెయ్యేసి ఊపి చూపించాడు.

"సూసినావాన్నా, ఉయ్యాల మాదిరి ఊగతాండాది. కుప్పంలో నారాయణస్వామి అని ఉండాడు. తమిళనాడు నుంచి కొత్త రకం కమాన్లు తెప్పించి బిగిస్తాండాడు. నాకు ముందు దిగగానే కండ్లు తిరిగేవి. ఇప్పుడు దిగబుద్ధే కాదు."

గురప్ప టీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది.

*

గుడుపల్లెలో చుట్టాల పెళ్ళని చెప్పి మొగుడూ పెళ్ళాలిద్దరూ ఖాళీ లారీలో బయల్దేరారు. ఊరు నమ్మింది. కానీ పెళ్ళికి లారీ ఎందుకని అడిగిన ముసలమ్మకు కౌసల్య ఒక కథ చెప్పాల్సొచ్చింది. వెంకటగిరికోట దాటేసరికి గురప్పకు చెమటలు. మధ్యలో ఒకచోట బండి ఆపి, చెట్టుకు ఆనుకుని నిలబడి కళ్ళు మూసుకున్నాడు. కౌసల్య నీళ్ళ సీసా మూత తీసి పట్టుకుని నిలబడింది.

నారాయణస్వామి షెడ్డు కుప్పం బజారు చివర ఉంది. భారీ మనిషి. స్టూలు మీంచి లేస్తే స్టూలు కూడా ఆయనతోపాటు కొంచెం లేచి, ఆలోచించుకుని కింద పడుతుంది. ఆయన ఏ పరికరమూ పట్టుకోలేదు. లారీ ముందు బంపరు ఎక్కి ఒక్కసారి ఎగిరాడు. బండి కదల్లేదు. ఆయన పొట్ట మాత్రం చాలాసేపు కదిలింది.

"ఏమప్పా, దీన్ని ఎట్ల తోలతాండావు? నడుములో ఇనప కమ్మీ ఏమన్నా ఉండాదా?"

గురప్ప నవ్వబోయి ఆగిపోయాడు. ఆ మాట బయట ఎవరైనా విన్నారేమోనని వెనక్కి తిరిగి చూశాడు.

"అంత భయమేల? ఈడకొచ్చే డ్రైవర్లందరికీ అదే రోగం. సెప్పు, నువ్వు సుఖంగా కూసోవల్లనా, సరుకు మస్తుగా మొయ్యల్లనా?"

"రెండూ గావల్ల."

"రెండూ గావల్లంటే రెండు బండ్లు కొనుక్కో పో."

కౌసల్య ముందుకొచ్చింది. "అన్నా, ఈయన మాట ఇడ్సిపెట్టు. మెత్తగా ఉండాల. ఏమేం ఉండాయో సూపించు."

నారాయణస్వామి ఒకొక్కటే చెప్పుకొచ్చాడు. కొత్త షాక్ అబ్జార్బర్లేసి ముందర ఒక పట్టీ తీస్తే కొన్నాళ్ళు బాగుంటుంది, తర్వాత మళ్ళీ మామూలే. రబ్బరు దిమ్మెలు పెట్టుకుంటే లోడు మీద పోయేటప్పుడు మెత్తన, ఖాళీగా వచ్చేటప్పుడు ఏమీ తేడా ఉండదు.

"నాకు ఖాళీగా వచ్చేటప్పుడే సావన్నా," అన్నాడు గురప్ప. ఆ మాట తనకు తెలియకుండానే నోట్లోంచి జారింది. రెండేళ్ళలో డాక్టరుకు కాక బయటి మనిషితో చెప్పడం అదే మొదటిసారి.

నారాయణస్వామి ఆ తర్వాత ఎగతాళి చెయ్యలేదు. గోడకు ఆనించిన గోనెసంచి తొలగించి ఒక కమాను చూపించాడు. రెండే రెండు పట్టీలు. నడుమ లావు, కొసలకు పల్చన. వంపు మాత్రం విల్లు ఎక్కుపెట్టినట్టుంది.

"పాత కట్టలో పట్టీలు ఒగదాని మీద ఒగటి అతుక్కోని ఉంటాయి గదా. గుంత పడితే అవన్నీ రాసుకోని బిగుసుకుంటాయి. ఆ అదురు నేరుగా నీ సీటుకే. ఇవి ఒగదాన్నొగటి తాకవు. దేని పాటికి అది వంగుతాది. కింద ఈ లావు పట్టీ ఉండాది సూడు, ఇది లోడుకు. సరుకు ఎక్కేకొద్దీ పై పట్టీ దిగొచ్చి దీని మీద ఆనతాది. రెండిటి నడుమ ఈ సందు మూసుకున్నాదా, అంతే, ఆడ నిలపాల. ఆ మీద ఎక్కిస్తే బండి మలుపులో తాగినోడి మాదిరి తూలుతాది. ఇంగొక మాట. వంపు సూసి ఎక్కించొద్దు. దీనికి వంపు బో ఎక్కువ. ఎంత ఎక్కించినా ఇంగా ఉన్నట్టే కనపడతాది."

కౌసల్య వేలు ఆ సందులో పెట్టి చూసుకుంది.

"లోడు తగ్గుతాది గదన్నా?" గురప్ప గొంతు సన్నగా వచ్చింది.

"తగ్గుతాది. నేను అబద్ధం సెప్పను."

గురప్ప పెళ్ళాం వైపు చూశాడు. "ఏమంటావు మే?"

"లోడు తగ్గితే ఒగ వరస పోతాది మామా. నువ్వు పడిపోతే బండే పోతాది," అంది కౌసల్య.

ముందూ వెనకా కమాన్లు బిగించేసరికి సాయంత్రమైంది. కుప్పం దాటి మొదటి గుంత రాగానే గురప్ప అలవాటుగా పళ్ళు బిగపట్టాడు. బండి గుంతలోకి దిగింది, మెల్లిగా లేచింది. అంతే. అతను పళ్ళు వదల్లేదు, ఇంకా రావాల్సింది ఏదో ఉందేమోనని. ఏమీ రాలేదు. రెండో గుంతకు స్టీరింగ్ తిప్పలేదు. మూడోది అసలు దారిలో లేదు, వెతుక్కుంటూ పోయి మరీ ఎక్కించాడు.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా మామా?"

"ఊరకుండు మే. ఇంగొగ గుంత యాడుండాదో సూడు."

కౌసల్య నవ్వింది. కాస్సేపటికి నవ్వాపి, "లోడెక్కించే మునిస్వామికి సెప్పల్ల గదా, ఆ సందు సంగతి," అంది.

గురప్ప రోడ్డు మీదే చూపు పెట్టి గేరు మార్చాడు.

"మామా, నిన్నే."

"ఏమని సెప్పేది? లోడు తగ్గే కమాన్లు డబ్బులిచ్చి ఎవుడన్నా ఏయించుకుంటాడా? యాల ఏయించినావురా అంటాడు. నడుము పడిపోయినాదని సెప్పల్లనా?"



*

మునిస్వామి ఆ ఊళ్ళో లోడు ఎక్కించే హమాలీలకు మేస్త్రి. అతనికి కాటా అక్కర్లేదు. బండి వెనక గొంతుక్కూర్చుని, బీడీ ముట్టించి, కమాను వంపు చూస్తాడు. వంపు ఉందంటే ఇంకో వరస. వంపు పోయి వాసంలా తిన్నగా అయిందంటే బీడీ నేలకేసి నలిపి "సాలు" అంటాడు. ఆ చుట్టుపక్కల హమాలీలందరిదీ అదే లెక్క. వాళ్ళ నాయనలు ఎద్దుల బండి ఇరుసు మూలుగు విని గోతాలు ఎక్కించేవాళ్ళు, వీళ్ళు వంపు చూసి బాక్సులు ఎక్కిస్తారు. ఎన్నడూ తప్పు పోలేదు.

కొత్త కమాన్లు చూసి మునిస్వామి బీడీ నోట్లోంచి తీశాడు.

"ఏం గురప్పా, పట్టీలేవప్పా? యాడన్నా అమ్ముకున్నావా?"

"పాతవి సీలిపోయినాయి. ఇవే దొరికినాయి."

"రెండే ఉండాయే! కానీ వంపు సూడ్రా నాయనా, నిండు సూలాలి మాదిరి ఉండాది." మునిస్వామి మామూలు లోడు ఎక్కించాడు. కూర్చుని చూశాడు. వంపు అలాగే ఉంది. ముచ్చటపడిపోయాడు. "ఇంగొగ వరస ఎయ్యండ్రా!"

గురప్ప నోరు తెరిచాడు. చుట్టూ రైతులున్నారు. ముందు వరసలో వెంకటేశులు ఉన్నాడు. ఊళ్ళో అందరికన్నా ఎక్కువ టమోటా పెట్టే రైతు, ఆయన ఏ బండెక్కిస్తే మిగతావాళ్ళు ఆ బండెక్కిస్తారు. గురప్ప నోరు మూశాడు.

ఆరోజు ఏమీ కాలేదు. మర్నాడూ కాలేదు. గురప్పకు మళ్ళీ ఇరవై ఏళ్ళు వచ్చాయి. దిగి దిగగానే నడుస్తున్నాడు, ఈల వేస్తున్నాడు, మీసం దువ్వుకుంటున్నాడు. ఊరు కళ్ళు చికిలించి చూసి, కుట్టుమిషనామె వ్యవహారం బాగా ముదిరిందని తేల్చింది. కౌసల్యను చూసి ఆడవాళ్ళు జాలిపడ్డారు. ఆమె కూడా కొంగుతో కళ్ళు ఒత్తుకుని తన వంతు పని చేసింది.

కానీ బండి కిందికి వంగి చూసేది ఆమె ఒక్కతే. ఒకనాటి పొద్దున తాడు బిగిస్తున్నట్టు వంగి, సందులోకి వేలు పెట్టబోయింది. వేలు దూరలేదు.

"మామా, సందు మూసుకునింది."

"మెల్లిగా మాట్లాడు, వింటారు."

"వినకపోతేనే గదా భయం."

"ఇన్నాళ్ళు ఏమన్నా అయినాదా?"

ఇంతకు ముందు గురప్ప నడుమే కాటాగా ఉండేది. ఒక్క వరస ఎక్కువైనా మొదటి గుంతకే అది కేక పెట్టేది. అతను భయపడి బండిని నత్తలా నడిపించేవాడు. ఇప్పుడు నడుము నోరు మూసుకుంది. సీటు హాయిగా ఉంది కాబట్టి బండీ హాయిగా ఉందనుకున్నాడు. కాలు తెలియకుండానే ఇంకాస్త గట్టిగా తొక్కుతోంది.

*

వానలు పట్టాయి. వానకు తోటలు దెబ్బతిని టమోటాకు రేటు లేచింది. రేటు లేచిందంటే కాయ ఉన్న ప్రతి రైతుకూ ఈరోజే పంపాలి. ఆ పొద్దున లోడెక్కించే చోట, పాల సెంటరు ముందు బాక్సులు గుట్టలు పడ్డాయి. మునిస్వామి వంపు చూశాడు, వరస వేయించాడు, మళ్ళీ చూశాడు, మళ్ళీ వేయించాడు. వెంకటేశులు పంచె ఎగ్గట్టి లారీ మీది గుట్ట పైకెక్కి తన బాక్సుల పక్కన కూర్చున్నాడు. సరుకుతోపాటు పైన కూర్చుని పోవడం రైతులకు అలవాటు.

కౌసల్య తాడు బిగించి దిగింది. క్యాబిన్‌లో కూర్చున్నాక తలుపు గడియ రెండుసార్లు సరిచూసుకుంది.

మదనపల్లె ఇంకొంచెం దూరం ఉందనగా రోడ్డు దిగుడుగా పోయి ఎడమ చేతికి తిరుగుతుంది. ఆ మలుపులో రోడ్డుకు ఎడమ పక్కన పాత రాళ్ళ క్వారీ. రాయంతా తీసుకుపోయి గుంత వదిలేశారు. వానలకు అది నిండి, ఎర్రగా, నిశ్శబ్దంగా ఉంది.

గురప్ప స్టీరింగ్ తిప్పాడు. బండి తిరిగింది. పైనున్న బాక్సుల గుట్ట తిరగలేదు. అది మెల్లిగా, తీరిగ్గా, కుడి పక్కకు వాలింది. ఎదురుగా ఎత్తు ఎక్కుతూ బస్సు వస్తోంది. దాని అద్దం నిండా బస్సు డ్రైవరు నోరు తెరిచిన మొహమే. గురప్ప ఎడమకు లాగాడు. గుట్ట ఇప్పుడు ఎడమకు వాలింది. ఎడమ చక్రాలు తారు దిగి తడిమట్టిలోకి జారాయి. బ్రేకు గట్టిగా కొడితే బోర్లా పడుతుంది. వదిలితే గుంత. అతను బ్రేకును కోడిగుడ్డు మీద కాలు పెట్టినట్టు తొక్కాడు. ఇంకొంచెం. ఇంకొంచెం.

లారీ ఆగింది. ఎడమ పక్కకు ఒరిగి, ముక్కు పల్లానికి పెట్టి ఆగింది. కౌసల్య వైపు కిటికీలోంచి రోడ్డు కనబడలేదు. ఎర్రటి నీళ్ళు కనబడ్డాయి.

పైన తాళ్ళు కిర్రుమన్నాయి.

"ఒరే గురప్పా!" పైనుంచి వెంకటేశులు గొంతు. "బతికుండామా?"

"గబాల్న కదలొద్దన్నా! కుడి పక్కకు పాకు. మెల్లిగా దిగు."

హ్యాండ్ బ్రేకు లాగాడు. అది ఎప్పట్నుంచో పేరుకే ఉంది. కాలు కొంచెం వదిలి చూశాడు. బండి ముందుకు పాకింది. మళ్ళీ తొక్కాడు.

"కాలు తీయలేను మే. నువ్వు దిగు."

కౌసల్య వైపు తలుపు తీస్తే గుంతే. ఆమె అతని ఒళ్ళోంచి పాకి కుడి వైపు తలుపులోంచి దిగాలి. ఆమె మోకాలు అతని నడుము మీద పడినప్పుడు గురప్ప అరవలేదు. స్టీరింగ్ మీద వేళ్ళు మాత్రం తెల్లబడ్డాయి. దిగీ దిగగానే ఆమె రోడ్డు పక్కనున్న రాళ్ళు దొర్లించి కుడి చక్రాల ముందు పెట్టింది. తడి రోడ్డు మీద ఆ రాళ్ళకు ఎంత పట్టు ఉంటుందో ఎవరికీ తెలియదు. బస్సు దిగిన జనం పరుగెత్తుకొచ్చి, అందినవి అందినట్టు కుడి పక్క బాక్సులు లాగబోయారు.

"ఈ పక్కవి ముట్టుకోవద్దు!" కౌసల్య కేకకు అందరి చేతులూ గాల్లో ఆగాయి. "ఈ పక్క బరువు తీసేస్తే ఆ పక్కకు ఒరిగిపోతాది. పైవి, ఎడమవి ముందు రావల్ల. నేను ఎక్కి అందిస్తా, మీరు పట్టుకోండి."

"నువ్వా? ఎక్కొద్దమ్మా, పడిపోతావు!"

"రోజూ ఎక్కేది నేనే గదప్పా, ఇంగెవురు ఎక్కతారు?"

ఆమె ఎక్కబోతుంటే, అప్పటికి దిగొచ్చిన వెంకటేశులు పంచె విప్పి తాడులా చుట్టి, ఒక కొస ఆమె నడుముకు కట్టి, రెండో కొస తను పట్టుకున్నాడు. ఊరి పెద్ద రైతు నిక్కరు మీద నిలబడి బస్సు జనం ముందు ఇంకొకరి పెళ్ళాన్ని తాడు కట్టి పట్టుకున్నాడు. ఇంకో రోజైతే ఆ దృశ్యం ఊరికి ఏడాది పొడుగునా సరిపోయేది. ఆరోజు ఎవరూ నవ్వలేదు. ఒక్కో బాక్సు దిగుతోంది. ఒక్కో బాక్సు దిగినప్పుడల్లా బండి మూలుగుతోంది.

లోపల గురప్ప కాలు మొద్దుబారింది. కాలు ఉందో లేదో తెలియక కిందికి చూసుకున్నాడు. ఉంది, బ్రేకు మీదే ఉంది. నడుములోంచి మంట మెడ దాకా పాకింది. కళ్ళ ముందు నీళ్ళు ఎర్రగా ఊగుతున్నాయి.

సగం బాక్సులు దిగాక వెంకటేశులు పంచె కొస ఇంకొకరి చేతికిచ్చి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఒరే, నువ్వు ఇవతలికి రా. కొంచెంసేపు నేను తొక్కుతా. నీ మొగం తెల్లగా పాలిపోయినాది."

"రాలేను అన్నా."

"భయపడొద్దురా, నేను పట్టుకుంటా."

"భయం కాదన్నా. నడుము పనిచెయ్యదు. ఈయాల్టిది కాదు, రెండేండ్లయినాది. కూసోలేక ఈ మెత్త కమాన్లు ఏయించినా. ఇవి అంత లోడు మొయ్యవు. నాకు తెలుసు. తెలిసీ సెప్పలేదు. నిన్ను పైన కూసోబెట్టుకోని వచ్చినా."

వెంకటేశులు కిటికీ అంచు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పైన కౌసల్య బాక్సు అందిస్తున్న చప్పుడు. ఆయన తలెత్తి ఆమెను చూశాడు. మళ్ళీ గురప్పను చూశాడు.

"మరి మదనపల్లెలో... ఆ కుట్టుమిషనామె?"

"ఎవురూ లేరన్నా."

"థూ, నీ పాసుగాల," అన్నాడు వెంకటేశులు. ఆ తిట్టు దేనికో ఆయనకే తెలియదు. లారీ వెనక వైపు తిరిగి వెళ్ళి, ఇంకా పెద్ద రాళ్ళు తెమ్మని అందరి మీదా అరిచాడు.

ట్రాక్టరు వచ్చి లారీని తారు మీదికి లాగేవరకూ గురప్ప కాలు బ్రేకు మీదే ఉంది. ఆ తర్వాత అతన్ని నలుగురు ఎత్తి దించారు.

*

గురప్ప ఇంట్లో నేల మీద చాప పరుచుకుని పడుకున్నాడు. పొద్దున్నే ఉమాపతి లారీ వీధిలోంచి నిండు లోడుతో పోతుంటే ఇంటి గోడ సన్నగా అదిరేది. ఆ అదురు అతని వీపుకు తెలిసేది. మొదటి వారం ఎవరూ రాలేదు. రెండో వారం మునిస్వామి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"నన్ను హంతకుణ్ణి సేద్దామనుకున్నావు గదప్పా."

"తప్పే మునిసామీ."

"నాకు తెలిసిన లెక్క వంపొకటే. నీ బండికి ఇంగొక లెక్క ఉండాదని నాకు కల వస్తాదా? ఒగ మాట సెప్పింటే నీ సొమ్మేం పొయ్యేది?"

"బండి పోతాదనుకున్నా."

మునిస్వామి గోటితో గుమ్మం గీరాడు. "పాత కమాన్లు మళ్ళీ ఏయించు. లోడు ఎక్కువ పడతాది. ఉమాపతి పొగరు సూడలేక సస్తాండాం."

"అవి ఏస్తే ఇంగ లెయ్యను. ఇవే ఉంటాయి. లోడు తక్కువే ఎక్కతాది. ఇష్టమున్నోళ్ళు వస్తారు."

"ఎవురొస్తారప్పా?" అని మునిస్వామి వెళ్ళిపోయాడు. అది ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

రోజులు గడిచేకొద్దీ గురప్ప లేచి నిలబడ్డాడు, నాలుగడుగులు వేశాడు, ఒకనాటి పొద్దున పాల సెంటరు ముందు లారీ ఆపాడు. చాలాసేపు ఎవరూ రాలేదు. రైతులు బాక్సులు మోసుకుంటూ అతని ముందు నుంచే ఉమాపతి బండి వైపు పోయారు. కొందరు తల వంచుకుని పోయారు, కొందరు పలకరించి మరీ పోయారు. చివరికి వెంకటేశులు ఎద్దుల బండి వచ్చింది. ఆయన వెనక ఇంకో ఇద్దరు ముగ్గురు వచ్చారు.

మునిస్వామి ఈసారి బీడీ ముట్టించలేదు. బండి కిందికి దూరి పడుకుని, పట్టీల నడుమ సందునే చూస్తూ లోడు ఎక్కించాడు. "మూసుకునిందప్పా," అని కిందినుంచే కేకేశాడు.

"సాలు," అన్నాడు గురప్ప.

నేల మీద ఇంకా నాలుగు బాక్సులు మిగిలాయి. అవి వెంకటేశులువే.

"నాలుగే గదరా," అన్నాడు వెంకటేశులు. "అందురూ వద్దన్నా నీ కోసరం వచ్చినా నేను."

గురప్ప ఆ నాలుగింటి వైపు చూశాడు. ఈయన ఒక్కడు అలిగితే రేపు ఈ ముగ్గురు కూడా ఉండరు. కౌసల్య తాడు పట్టుకుని పైనే నిలబడింది. బిగించలేదు, మొగుడి వైపే చూస్తోంది.

"నాలుగు బాక్సులకు ఏమవతాదిలే," అంటూ మునిస్వామి మనుషులు పెద్దాయన మాట కొట్టేయలేక ఆ నాలుగూ పైకి విసిరేశారు.

గురప్ప క్యాబిన్ ఎక్కి, తలుపు వేసుకుని, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చున్నాడు. తాళం తిప్పలేదు.

"తియ్యరా, యాలం పాటకు పొద్దుపోతాది," అన్నాడు వెంకటేశులు.

గురప్ప ముందుకే చూస్తున్నాడు. వీధి చివర ఉమాపతి లారీ హారన్ కొట్టి కదిలింది. వెంకటేశులు దాని వైపు చూశాడు. చెయ్యెత్తితే అది ఆగుతుంది. గురప్పకూ ఆ సంగతి తెలుసు. అద్దంలో ఆయన చెయ్యి కదలడం చూశాడు. ఉమాపతి లారీ పాల సెంటరు పక్కనుంచే పోయింది, దుమ్ము లేపింది, దూరమైంది.

వెంకటేశులు సగం లేపిన చేత్తో తలపాగా సర్దుకున్నాడు.

"దించు మునిసామీ. ఆ నాలుగూ బస్సు టాపు మీద ఏసుకోని వస్తాలే."

ఒక్కో బాక్సు దిగినప్పుడల్లా సీటు కింద బండి వెంట్రుకవాసి పైకి లేచినట్టనిపించింది. నాలుగోది నేలకు తాకిన చప్పుడు విన్నాక గురప్ప తాళం తిప్పాడు.